వేళ్ళకు తెలియని కొమ్మ

కోరుట్లలో మోటారు కాలిన రైతు ముందు తట్టేది హన్మంతు దుకాణం తలుపే. ముప్పై రెండేళ్ళుగా అతనిది మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ పని. తాతా తండ్రీ రుద్రంగిలో ఇంకొకరి పొలాల్లో జీతాలున్నవాళ్ళు. గుంట భూమి లేని ఇల్లు. హన్మంతు మాత్రం చిన్నప్పుడే కోరుట్ల చేరి రాగితీగ పట్టుకున్నాడు. మోటారు లోపల తీగ ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. వేళ్ళకు తెలిసేది.

ఆ వేళ్ళే అతన్ని చెట్ల దగ్గరికి తీసుకుపోయాయి. జగిత్యాలలో నర్సరీ నడిపే ఖుర్షీద్ ఒకసారి నీళ్ళ మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చి, మూలన పడివున్న పాత తీగ చుట్టలు చూసి "గిది నాకు కావాలె" అన్నాడు. ఎందుకని అడిగితే ఫోన్లో కుండీల్లోని పొట్టి చెట్లు చూపించాడు. కొమ్మకు తీగ చుట్టి వంచితే, కొన్ని నెలలకు కొమ్మ ఆ వంపులోనే నిలబడిపోతుందని చెప్పాడు. రాగితీగను నిప్పుల్లో ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మెత్తబడుతుందని హన్మంతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడేళ్ళలో అతని పెరట్లో పద్నాలుగు బోన్సాయ్ కుండీలయ్యాయి.

పదిహేనోది బాటిల్ బ్రష్. మల్యాల దగ్గర మూతపడ్డ రైస్‌మిల్లులో మోటార్లు విప్పడానికి పోయినప్పుడు కంటపడింది. కరెంటు తీగల కింద ఉండడంతో ఏటేటా దాన్ని నరికేవాళ్ళు. పైకి పోయే దారిలేక మొదలు మాత్రం తొడంత లావెక్కింది. సీసాలు కడిగే బ్రష్షులాంటి ఎర్రటి పూలు రెండు కొసలకు వేలాడుతున్నాయి. "తీస్కపో, రేపో మాపో జేసీబీ వస్తది" అన్నాడు మిల్లు యజమాని. హన్మంతు చుట్టూ గోతి తీసి, వేళ్ళ దగ్గరి మట్టిగడ్డ చెదరకుండా గోనెసంచితో కట్టి, ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాడు.

ఖుర్షీద్ వచ్చి చూసి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "గిది మన దేశం చెట్టు గాదు హన్మంతూ. ఆస్ట్రేలియాది. మొండిదే గానీ వేరు ఎండనియ్యకు. రెండేండ్లు ముట్టకు, తేరుకోనీ. ఇంకోటి, దీని కొమ్మ ముదిరితే వంగదు, ఇరుగుతది. ఇరిగే ముందల లోపల కిటకిటమంటది. గది చెవికి వినపడది, చేతికే తెలుస్తది. గాడ ఆగాలె."

రెండేళ్ళు ముట్టలేదు. ఈ ఏడు మృగశిర వానలు నాలుగు చినుకులు పడగానే తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

ఆ రోజు పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. కింది కొమ్మకు తీగ చుడుతూ కొస దగ్గరికి వచ్చాడు. చాయ్ తెచ్చిన రజని గ్లాసు అందించబోయి ఆగిపోయింది.

"ఏందయ్యా గా నెత్తురు?"

హన్మంతు చూశాడు. కుండీ అంచు మీద ఎర్రటి చుక్కలు. కొమ్మ పొడుగునా తడి. కుడిచేతి చిటికెన వేలు పక్కన తీగ మొన గోరు లోతు దిగి ఉంది. ఇంకా దిగే ఉంది. దాన్ని లాగేశాడు. నెత్తురు ఇంకొంచెం కారింది. నొప్పి లేదు.

"ఏం కాలే. తీగ గీరింది" అన్నాడు.

"గంత దిగితే గీరిందంటవ్? దిమాకు ఏడ పెట్టినవ్?" అంటూ ఆమె లోపలికి పోయి పసుపు తెచ్చింది. పసుపు అద్దుతుంటే ఆమె వేళ్ళు కనిపిస్తున్నాయి. తగలడం మాత్రం తెలియడం లేదు.

దుకాణానికి పోయి షట్టర్ సగం దించాడు. మిషను సూది తీసి బొటనవేలి మీద పెట్టాడు, చురుక్కుమంది. చూపుడువేలు, మధ్యవేలు కూడా సరే. ఉంగరం వేలి దగ్గరికి వచ్చేసరికి బట్ట మీద పొడిచినట్టుంది. చిటికెన వేలి మీద సూది గుంట చేసింది, అంతే. అక్కడి నుంచి అరచేతి అంచు, మణికట్టు దాకా ఏమీ లేదు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద రూపాయి బిళ్ళకంటె పెద్ద మచ్చ, చుట్టూ ఉన్న రంగు కంటె వెలిసిపోయి. తామర అనుకుని శివరాత్రి నుంచి ఏదో మలాము రాస్తున్నాడు. వేసవిలో ఒళ్ళంతా చెమట పోసినా ఆ చోటు పొడిగా ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. అరచేతి అంచున పోయిన నెలలో కాలిన బొబ్బ ఎప్పుడు లేచిందో తెలియదనీ గుర్తొచ్చింది.

సూది చేతిలోంచి జారింది. 

అతనికి ఆ రోగం తెలుసు. రుద్రంగిలో అతని చిన్నప్పుడు భూమయ్య అనే మనిషి ఉండేవాడు. పెద్దరోగమని ఊరవతల, కంచె పక్కన గుడిసె వేసి పెట్టారు. పండుగనాడు హన్మంతు తల్లి పోశవ్వ విస్తరాకులో అన్నం కట్టిచ్చి పంపేది. "బండ మీద పెట్టు, ఎనకకు చూడకుండ ఉరుకు" అని చెప్పేది. ఒక ఎండాకాలం భూమయ్య గుడిసె ముందే కూర్చుని ఉన్నాడు. వేళ్ళు లేని రెండు చేతుల మధ్య ఖాళీ ముంత పట్టుకుని "బిడ్డా, జర నీళ్ళు తెచ్చియ్యవా" అన్నాడు. హన్మంతు అన్నం కింద పడేసి పరిగెత్తాడు. తొమ్మిదేళ్ళ వయసు. ఆ గొంతు ముప్పై ఎనిమిదేళ్ళకు మళ్ళీ వినబడింది, షట్టర్ సగం దించిన దుకాణంలో.

ఇంట్లో పసిపిల్ల ఉంది. కూతురు సంగీత పురుడుకు వచ్చింది. మనుమరాలికి రెండో నెల. దుకాణం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని మొదట ఆ పిల్లనే ఎత్తుకునేవాడు హన్మంతు. ఆ సాయంత్రం సంగీత పాపను చేతికందించబోతే రెండడుగులు వెనక్కి వేశాడు.

"వార్నిష్ వాసనొస్తుంది బిడ్డా. వద్దు."

మర్నాడు దగ్గని చెప్పాడు. ఆ తర్వాత నడుం నొప్పన్నాడు. తన గ్లాసు, తన పళ్ళెం తనే కడుక్కుని మూలన బోర్లించుకున్నాడు. పడక పెరటి వరండాలోకి మార్చుకున్నాడు, ఉక్కపోస్తోందని. రజని చూస్తూనే ఉంది. పాప నిద్రలో తుమ్మినా హన్మంతు లేచి కూర్చునేవాడు. ఇప్పటిదాకా ఎన్నిసార్లు ఎత్తుకున్నాడో, ఎన్నిసార్లు ఆ చెంపను తన ముఖానికి ఆనించుకున్నాడో లెక్క పెట్టబోయి భయపడి మానుకునేవాడు.

రెండు వారాలకు సంగీత పట్టలేకపోయింది. అన్నం పెడుతూ గిన్నె నేల మీద గట్టిగా పెట్టింది.

"బాపు, ఒక్క మాట అడుగుత. ఆడపిల్ల పుట్టిందనా?"

"ఏంది?"

"గందుకేనా దాన్ని ముట్టుకుంటలేవ్? పుట్టిన్నాడు మురిసినట్టే ఉంటివి గదా. నన్ను ఆడపిల్లవని ఏనాడు ఒక్క మాట అనలే. ఇప్పుడు ఎవ్వలు చెప్పిండ్రు నీకు?"

కాదు బిడ్డా అనాలి. అంటే తర్వాతి మాట కూడా చెప్పాలి.  కూతురు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. అతను చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు జగిత్యాల బస్సెక్కాడు. దవాఖాన గేటు దగ్గర ఆటో దిగి లోపలికి నడుస్తుంటే ఎదురుగా వాళ్ళ వాడ ఆశా కార్యకర్త లావణ్య, ఇద్దరు గర్భిణులను వెంటబెట్టుకుని కనిపించింది.

"అన్నా, నువ్వేంది గీడ? ఎవ్వలికి బాగలేదు?"

"ఎవ్వలికి లేదు. మోటారు చూడనీకి పిలిస్తే వచ్చిన."

మాట ముగియకముందే వెనక్కి తిరిగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇక్కడ చూపించుకుంటే రేపు ఆమె చేతిలోనే తన పేరున్న కాగితం పడుతుంది. ఎల్లుండికి వాడకు తెలుస్తుంది. ఆ పైవారం దుకాణానికి ఎవరూ మోటారు తేరు. సంగీత అత్తగారింట్లో ఏమంటారో ఆలోచించే ధైర్యం కూడా లేకపోయింది. బస్టాండులో రెండు బస్సులు పోయేదాకా కూర్చుని ఇంటికి వచ్చేశాడు.

ఆదివారం ఖుర్షీద్ వచ్చాడు. బాటిల్ బ్రష్‌లో అసలు పని మిగిలి ఉంది. చెట్టుకు ముఖం ఇచ్చే పెద్ద కొమ్మ, బొటనవేలంత లావుది, నిటారుగా పైకి పోతోంది. దాన్ని కిందికి, పక్కకి తిప్పితే తప్ప రూపం రాదు. హన్మంతుకు ఆ రోజు దాన్ని ముట్టుకోవాలని లేదు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. మోటార్లకు వాడే కాటన్ టేపు తడిపి కొమ్మకు గట్టిగా చుట్టాడు. దాని మీద రెండు వరసలు లావుపాటి తీగ వేశాడు. ఖుర్షీద్ మొదలు పట్టుకున్నాడు. హన్మంతు రెండు చేతులతో కొమ్మను వంచాడు.

"మెల్లగ... మెల్లగ. చేతికేమన్న తెలుస్తుందా?"

"లేదు. ఇంక వంగుతది."

"తొందరలేదు. ఆగుతవా?"

"ఇంక వంగుతది అంటున్న గదా!"

ఫట్‌మంది.

కొమ్మ టేపు లోపలే విరిగి, తెల్లటి చీలిక బయటికి పొడుచుకొచ్చింది. పాప ఉలిక్కిపడి లోపల ఏడుపందుకుంది. హన్మంతు విరిగిన కొమ్మను పట్టుకునే ఉన్నాడు. చేతులు వదలడం లేదు.

ఖుర్షీద్ కొమ్మను చూడలేదు. హన్మంతు కుడిచేతిని చూశాడు. చిటికెన వేలూ ఉంగరం వేలూ కొంచెం లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చీలిక ఒకటి ఆ వేలి సందులో గుచ్చుకుని ఉంది.

"హన్మంతూ, చేతికి తెలుస్తలేదా నీకు?"

రజని వంటింటి గుమ్మంలో నిలబడింది. హన్మంతు గొంతు తగ్గించాడు. "భాయ్, మెల్లగ మాట్లాడు."

"ఎన్ని దినాలైంది?"

"ఎండాకాలం నుంచి అనుకుంట. మచ్చ గూడ ఉంది." చొక్కా చెయ్యి ఒక్క అంగుళం ఎత్తి వెంటనే దించేశాడు. "నాకు తెలుసు భాయ్ అదేందో. నువ్వింక నా దగ్గరికి రాకు."

ఖుర్షీద్ కదల్లేదు. అతని ముఖంలో కూడా ఒక్క క్షణం భయం కదిలింది. హన్మంతు దాన్ని చూశాడు. అయినా ఆ మనిషి చెయ్యి చాచి, వేలి సందులోని చీలిక తీసి పారేశాడు.

"నాకు గూడ తెల్వది అదేందో. నీకు గూడ తెల్వది. తెలిసినోళ్ళు చూడాలె. జగిత్యాలల శరమైతే సిరిసిల్లకు పోదాం. గాడ మనల్ని ఎవ్వలు గుర్తువట్టరు. రేపే. నేనొస్త."

బస్సు రుద్రంగి మీదుగానే పోయింది. ఊరు వస్తోందని తెలియగానే హన్మంతు కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.  చందుర్తి దాటాక ఖుర్షీద్ పల్లీల పొట్లం విప్పి ఇద్దరి మధ్య పెట్టాడు. హన్మంతు తీసుకోలేదు. ఆ పొట్లంలో చెయ్యి పెట్టడానికి కూడా భయం.

సిరిసిల్ల సర్కారు దవాఖానలో చర్మరోగాలు చూసే గది బయట బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. హన్మంతు వాళ్ళ చేతుల వైపే చూశాడు. అందరికీ వేళ్ళున్నాయి. ఒకామె మగ్గం మీద పని చేసే మనిషిలా ఉంది, చీర కొంగుకు పత్తి నూగు అంటుకుని ఉంది. లోపలికి పిలిచినప్పుడు ఖుర్షీద్ అతని భుజం కింద చెయ్యి వేసి లేపాడు.

వేణు అనే ఉద్యోగి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకొమ్మన్నాడు. "నేను పెన్ను మొన ముట్టిస్త అన్నా. తెలిసిన కాడ వేలు పెట్టి చూపియ్."

హన్మంతు మోచేతి పైన చూపించాడు. మణికట్టు లోపల చూపించాడు. ఆ తర్వాత చాలాసేపు చీకట్లో ఎదురుచూశాడు.

"మొదలువెట్టు సారూ" అన్నాడు.

"అయిపోయింది అన్నా. కండ్లు తెరువు."

డాక్టరమ్మ నడివయసు మనిషి. చేతి తొడుగులు లేకుండానే అతని మోచెయ్యి పట్టుకుని ఎముక వెనక నొక్కింది. అక్కడ నరం తాడులా లావెక్కి ఉంది. ఈసారి నొప్పికి హన్మంతు మూలిగాడు. వీపు మీద ఇంకో మచ్చ ఉందని ఆమె చెప్పేదాకా తెలియదు.

"కుష్టే" అంది ఆమె, మెల్లగా చెప్పినా చుట్టూ తిప్పకుండా. "మందు ఉంది. ఆరు నెలలు ఒక్క పూట గూడ తప్పకుండ మింగాలె. నరం వాపుకు వేరే గోలీలిస్త. పోయిన స్పర్శ చాలావరకు రావచ్చు. మొత్తం వస్తదని మాత్రం నేను మాటియ్యలేను."

"అమ్మా, నా వేళ్ళు ఊడిపోతయా?"

"రోగం వేళ్ళను తినదు. తెల్వకుంట కాలి, కోసుకొని, పుండు పడి ముదిరితే పోతయి. నీ పని ఏంది?"

"మోటార్లు. తీగ, నిప్పు, వార్నిష్."

"అయితే రోజు పని అయినంక పొద్దుమూకి చేతులు రెండు వెలుతుర్ల పెట్టి చూసుకోవాలె. చేతికి తెల్వనిది కండ్లతోని తెలుసుకోవాలె."

హన్మంతు అడగాల్సింది అది కాదు.  ఖుర్షీద్ అందుకున్నాడు. "ఇంట్ల రెండు నెలల పాప ఉంది అమ్మా."

"గోలి మొదలైతే అంటదు. ఇప్పటిదాక గూడ నీ దగ్గర్నుంచి అంటుకునే అవకాశం తక్కువ. పాపను ఎత్తుకోవచ్చు. కానీ ఇంట్లోళ్ళందర్ని ఒకసారి చూడాలె, పెద్దోళ్ళకు ఒక గోలి ఇయ్యాలె. వాళ్ళను తీస్కరా."

తగ్గిన భయం ఆ ఒక్క మాటతో మళ్ళీ వచ్చింది. తీసుకురావాలంటే చెప్పాలి.

మొదటి మోతాదు అక్కడే, ఆమె ముందే మింగించారు. తిరుగు బస్సు దిగాక మూత్రం ఎర్రగా వచ్చింది. వేణు ముందే చెప్పాడు మందు రంగు అని. అయినా బస్టాండు గోడ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఇంట్లో రజని బియ్యం చెరుగుతోంది. హన్మంతు గుమ్మం దగ్గరే, చెప్పులు విప్పకుండా చెప్పేశాడు. పెద్దరోగం అన్న మాట వినగానే ఆమె చేట దించింది. మొదట పాప పడుకున్న తొట్టె వైపు చూసింది. ఆ తర్వాత లేచి అతనికీ తొట్టెకూ మధ్యకు వచ్చి నిలబడింది. అడ్డం నిలబడాలని అనుకుని నిలబడిందో, కాళ్ళు వాటంతటవే పోయాయో ఆమెకే తెలియదు.  భూమయ్య గుడిసె ముందు పరిగెత్తిన పిల్లవాడు కూడా ఆలోచించి పరిగెత్తలేదు. 

"నేను దుకాణంల పండుకుంట" అన్నాడు.

"ఆగు" అంది ఆమె. "డాక్టరమ్మ ఏమన్నది? మల్లొకసారి మొదటి నుంచి చెప్పు. నాకేం వినపడలే."

మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకుంది. గోలీల అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అప్పటికి సంగీత గది గుమ్మంలోకి వచ్చి అంతా విన్నది.

"గందుకా బాపు?" అంది. ఏడుపొస్తున్నా కోపమే ముందొచ్చింది. "పదిహేను దినాలు నేను దాన్ని ఒళ్ళ పెట్టుకొని ఏడ్చిన. ఒక్క మాట చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు పిల్లను తీస్కొని పోతవని."

 నిజంగా పోయేదేనేమో సంగీత. "మా అత్తగారింట్ల మాత్రం చెప్పకుండ్రి" అని తల దించుకుంది.

బుధవారం నలుగురూ సిరిసిల్ల పోయారు. డాక్టరమ్మ రజనిని, సంగీతను వెలుతురులో నిలబెట్టి చూస్తున్నంతసేపూ హన్మంతు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరికీ ఏమీ లేదు. పాపను కూడా విప్పి చూశారు. అది వేణు చొక్కా మీద పాలు కక్కింది. ఇంకో ఏడాది తర్వాత అందరినీ మళ్ళీ తీసుకురమ్మన్నారు.

ఇంటికి వచ్చాక కూడా వెంటనే అన్నీ సర్దుకోలేదు. రజని పళ్ళేలన్నీ కలిపే కడిగేది గానీ, అతనికి అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. నాలుగో వారంలో ఆగడం మానింది. సంగీత ఒక సాయంత్రం ఏమీ అనకుండా పాపను అతని ఒళ్ళో పడేసి బట్టలు ఆరేయడానికి పోయింది. హన్మంతు ఎడమచేత్తో దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. పిల్ల జారితే వేళ్ళకు తెలియదేమోనని చూపు దాని మీంచి తిప్పలేదు.

విరిగిన కొమ్మను ఖుర్షీద్ మొదలంటా రంపంతో కోసి మైనం పూశాడు. ఆ చోట చిగురు రాలేదు. ఎడమ పక్కన సన్న కొమ్మ ఒకటి మిగిలింది. రూపం ఇక దాంతోనే రావాలి. శ్రావణంలో ఒక ఆదివారం హన్మంతు దాని ముందు చాలాసేపు కూర్చుని, చివరికి లోపలికి కేక వేశాడు.

"రజనీ, జర గిటు రా. నీ చెయ్యి గావాలె."

"నాకేం వస్తది గది?"

"నేను చెప్త. నువ్వు పట్టుకో."

తీగ కొస ఎక్కడ పెట్టాలో, ఎంత ఎడంగా చుట్టాలో అతను చూపించాడు. ఆమె చుట్టింది. బట్టలు పిండే చేతులు. తీగ ఊరికే లొంగింది. కొమ్మను వంచమన్నాడు. ఆమె భయపడుతూ వంచింది. అతను కొమ్మను కాదు, ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"లోపల ఏందో కదిలినట్టైంది."

"ఆగు! గాడనే పట్టుకో. ఇడువకు."

ఇంకా రెండు వేళ్ళంత వంగాల్సి ఉంది. ఆ రెండు వేళ్ళు వంగితే గానీ చెట్టు అందం రాదు. హన్మంతు ఎడమచేత్తో తాడు వేసి కొమ్మను కుండీ అంచుకు కట్టేశాడు.

"ఇంక వంచాల్నా?" అంది రజని.

"వద్దు. ఈ ఏడుకు గింతనే."

ఆమె చేతులు వదిలింది. కొమ్మ నిలబడింది. హన్మంతు పీట వెలుతురు వైపు జరుపుకుని, అరచేతులు రెండూ తెరిచి, ఎక్కడైనా తీగ గీరిందేమోనని ఒక్కో వేలూ చూసుకోసాగాడు.